రెండో రోకలి

మా బామ్మర్ది మిల్లు కాగితాల్లో బదిలీ కార్మికుడు. తనను తాను మాత్రం రెగ్గే సింగర్‌నని చెప్పుకునేవాడు. డెబ్బైల చివర నాందేడ్‌లో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే, అతనూ నేనూ. అందులో నాకు తెలిసింది సగం. ఆ సగం కూడా చాలాకాలం తప్పుగానే తెలిసింది. పాటగాళ్ళ గురించి రాసేవాళ్ళు గొంతు గురించి రాస్తారు. నాకు గొంతు గురించి రాయడం రాదు. లెక్క గురించి రాయగలను కనుక, అతని పాటలో లెక్క ఎక్కడ తప్పిందో, ఎట్లా సరిపడిందో రాస్తాను.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. మోంఢాలో, అంటే మా ఊరి ధాన్యం బజారులో, కందిపప్పు వ్యాపారి దగ్గర కాంటా చూసుకునే పనిలో చేరాను. అప్పట్లో మరాఠీ బడుల్లో పిల్లలకు మామూలు ఎక్కాలతో పాటు పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా నేర్పేవారు. నాకు అవి బడిలో రాలేదు. మా దుకాణంలో పద్దులు రాసే దివాన్జీ తూకానికి తూకానికి మధ్య వాటిని పైకి చదువుకుంటుంటే విని పట్టుకున్నాను. ఒక అర అర, రెండు అరలు ఒకటి, మూడు అరలు ఒకటిన్నర... అలా వందదాకా. ఇంటికి నడుస్తూ కూడా అదే. మా వాడకట్టు భజన మండలిలో ఢోలక్ వాయించడం కూడా ఇలాగే వచ్చింది. గురువు లేడు. లెక్క ఒక్కటే ఉంది.

బామ్మర్ది సంగతి వేరు. అతనికి లెక్క అంటే ఒళ్ళుమంట. పొద్దున మిల్లు సైరను, అదే భోంగా, ఊదేసరికి గేటు ముందు నిలబడేవాడు. లోపలి కార్మికుల్లో ఎవరైనా రాకపోతే ఆ రోజుకు వాళ్ళ మిషన్ మీద పని దొరికేది. అందరూ వస్తే తిరిగి ఇంటికి. బదిలీ అంటే అంతే. పండగలప్పుడు ఆర్కెస్ట్రాలో పాడేవాడు. గణేశ్ నవరాత్రులకు, పెళ్ళిళ్ళకు, జాతరలకు మా ఊరి నుంచి వెళ్ళే చిన్న ఆర్కెస్ట్రా అది. సినిమా పాటలే. ఏ గాయకుడి గొంతు కావాలంటే ఆ గొంతు తీసేవాడు. హార్మోనియం వాయించే మాస్టర్ మైకు పట్టుకుని, “ఇప్పుడు మీ ముందుకు వస్తున్నది ఫలానావారి ఆవాజ్” అని బొంబాయి గాయకుడి పేరు చెప్పేవాడు. మా వాడి పేరు ఎవరూ చెప్పేవారు కాదు. ఢోలక్ అతను ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక మాస్టర్ నన్ను కూడా లాగాడు. అప్పటినుంచి నేనూ ఆర్కెస్ట్రా మనిషినే.

ఒకసారి ముద్‌ఖేడ్‌లో పెళ్ళి పాడి వస్తుంటే బస్సులో బామ్మర్ది నాతో అన్నాడు.

“బావా, మిల్లుల జూస్తె బదిలీయే, స్టేజి మీద జూస్తె బదిలీయే. నా జాగ అంటు ఒక్కటి గుడ లేకపాయె.”

“జాగ ఏడికెల్లి అస్తదిరా? బొంబాయిల పుట్టినవా?”

“నవ్వు. నవ్వుకో. ఒక్క పాటన్న నా గొంతుతోని పాడకపోతే చూడు.”

కొన్నాళ్ళకు ఆ పాటకు దారి గురుద్వారా వైపు నుంచి వచ్చింది. మా ఊరికి ఎక్కడెక్కడి సిక్కు యాత్రికులో వస్తుంటారు. వాళ్ళలో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. అటువంటి కుటుంబంలోని యువకుడొకడు గురుద్వారా దారిలోని చాయ్ దుకాణం ముందు కూర్చుని టేపురికార్డర్ పెట్టుకున్నాడు. మా వాడు ఆ రోజు మిల్లులో పని దొరక్క తిరిగి వస్తున్నాడు. ఆ పాట విని ఆగిపోయాడు. యువకుడి హిందీ పంజాబీ కలిసినది, మావాడిది దక్కనీ. ఇద్దరికీ కలిసింది కొంచెమే. ఇంగ్లండులో తమ వీధిలో జమైకా దీవి నుంచి వచ్చినవాళ్ళు ఉంటారని, ఇది వాళ్ళ సంగీతమని, పేరు రెగ్గే అని అతను చెప్పాడు. అక్కడ వాళ్ళు కూడా ఫ్యాక్టరీలోనే పని చేస్తారని చెప్పాడు. మావాడికి ఈ చివరి మాట బాగా పట్టింది. యాత్రికులు ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు ఊరు చూపించడం, సామాన్లు మోయించడం అంతా తనే చేశాడు. పోయేటప్పుడు యువకుడు ఆ క్యాసెట్ మావాడి చేతిలో పెట్టాడు.

టేపురికార్డర్ మాస్టర్ దగ్గర ఉండేది. ఆదివారం మధ్యాహ్నం అందరం ఆయన ఇంట్లో కూర్చున్నాం. మాస్టర్ మరాఠీ మనిషే కాని మా వాడకట్టులోనే పుట్టి పెరగడం వల్ల మాతో మా తెలుగే మాట్లాడేవాడు, మధ్యలో ఇంత మరాఠీ కలిపి. పాట మొదలవగానే క్యాసెట్ తీసి, తిప్పి చూసి, మళ్ళీ పెట్టాడు.

“అరె పోరా, బ్యాటరీ గయీరా. పాట కుంటుతున్నది.” మరాఠీలో పోరా అంటే పిల్లాడా అని.

“కుంటుడు కాదు గురూజీ. నడకనే అది.”

“ఏమంటరన్నవ్ దీన్ని?”

“రెగ్గే.”

“రగ్గులా? థాంబ్, జర ఆగు, చలికాలం రానీ, అమ్ముదాం.”

అందరం నవ్వాం. మావాడు నవ్వలేదు. అప్పటికే పాట రాసుకుని వచ్చాడు. పాడాడు.

భోంగ కూసె, లేవరో
గేటు కాడ నిలవరో
ఎవడు రాలేదో ఇయ్యాల
వాని జాగల నేనున్న

ఎవరి గొంతూ కాని గొంతు అది. కొంచెం బొంగురుగా, మిల్లు దూది పట్టినట్టుగా ఉంది. మేం అంతకుముందు ఆ గొంతు విననేలేదు. మాస్టర్ హార్మోనియం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత “బరం” అన్నాడు. సరే అని అర్థం. “పాట మంచిగుంది. తాళం జెప్పు.”

తాళం చెప్పవలసింది నేను. ఇక్కడే తప్పు పడింది.

మా భజనలో ఒక పద్ధతి ఉంది. అందరికంటే గట్టిగా దెబ్బ పడే చోటునే ‘ఒకటి’ అంటాం. తాళాలు, చిడతలు, తప్పట్లు అన్నీ కలిసి అక్కడే పడతాయి. చెవులు సరిగా వినపడని ముసలివాళ్ళు కూడా ఆ దెబ్బను పట్టుకుని పాటలోకి వస్తారు, దారి తప్పినా మళ్ళీ అక్కడే కలుస్తారు. గట్టి దెబ్బ ఉన్న చోట లెక్క మొదలు. ఇందులో అనుమానానికి తావు ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. క్యాసెట్‌లో అందరికంటే గట్టిగా వినపడేది గిటారు. చుక్, చుక్, చుక్ అని పొట్టిగా, తెగగొట్టినట్టు. నేను ఆ చుక్ మీద ఒకటి వేశాను. తర్వాతి చుక్ మీద రెండు. దానికి సరిపోయేట్టు ఢోలక్ దెబ్బలు పేర్చాను. మాస్టర్ ఆ చుక్‌ను హార్మోనియం మీద మీటాడు. ఎక్కడా తప్పలేదు. పాట మొదటినుంచి చివరిదాకా తూకం వేసినట్టు వచ్చింది.

మావాడి మొహం మాత్రం విప్పారలేదు.

“ఏడ తప్పినం?” అని అడిగాను.

“తప్పలే. అంత మంచిగనే ఉన్నది. గని ఇది నడుస్తలేదు బావా, కవాతు జేస్తున్నది.”

“లెక్క సరిగ్గుంది గద.”

“నీ లెక్క సరిగ్గనే ఉంటదిలే. పాటనే బేకారుంది.”

చివరికి అతనే ఒక దారి తీశాడు. హార్మోనియం ఎక్కడ మీటాలో చెయ్యి ఎత్తి చూపించేవాడు. మాస్టర్ ఆ చేతిని చూసి మీటేవాడు. అప్పుడు పాటకు ఒక ఊపు వచ్చేది. కాని ఆ చెయ్యి నా లెక్కలో ఎక్కడ లేస్తున్నదో నాకు అందేది కాదు. అందకుండానే వాయించాను. మనసులో లెక్క లేకుండా ఢోలక్ మీద చెయ్యి వేయడం నాకు అదే మొదలు. చెప్పులు లేకుండా ముళ్ళ బాటలో నడిచినట్టుండేది.

ఆ ఏడు గణేశ్ నవరాత్రుల్లో పాత ఊరిలోని ఒక మండపం దగ్గర మా ప్రోగ్రాం పడింది. మాస్టర్ మధ్యలో ఈ పాటకు చోటిచ్చాడు. ఆయనకు ఒక నియమం ఉండేది. జనం తప్పట్లు కొట్టలేని పాట తన స్టేజి మీద ఉండకూడదు. తప్పట్లు అంటే పాట అయ్యాక కొట్టేవి కాదు, పాటతో పాటు కొట్టేవి. “పబ్లిక్ చేతులు పాటల లేకపోతే పబ్లిక్ గుడ పాటల లేనట్టే” అనేవాడు. ఆ మాట తప్పని నేను ఈ రోజుకు కూడా అనను.

మావాడు పాట ఎత్తుకున్నాడు. జనం బాగానే విన్నారు. భోంగా అనగానే మిల్లువాళ్ళు ఈలలు వేశారు. అంతలో ముందు వరుసల్లో తప్పట్లు మొదలయ్యాయి. మా ఊరివాళ్ళు ఎక్కడ కొడతారు? భజనలో కొట్టే చోటే, లెక్క మీదే. మండపమంతా ఒక్క దెబ్బగా పడుతుంటే మాస్టర్ చెయ్యి ఆగలేకపోయింది. బామ్మర్ది చెయ్యి చూపిన చోటు వదిలి జనం చేతుల వెంట పోయింది. మావాడి గొంతు ఒకవైపు, హార్మోనియం ఇంకోవైపు. నేను రెండింటి మధ్య. లెక్క చేతిలో లేనివాడిని ఎటు పోతాను? రెండో చరణం దగ్గర పాట నిలువునా కూలింది. నవ్వులు, కూతలు. “ఓ భాయ్, బ్యాండుబాజా వాళ్ళకు ఇయ్యి ఈ పాట!” మాస్టర్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా అందరికీ తెలిసిన సినిమా పాట ఎత్తుకున్నాడు. మావాడు దానికి తగ్గ గొంతు పెట్టుకుని పాడాడు. జనం మళ్ళీ చల్లబడ్డారు.

సామాన్లు సర్దుతుంటే మాస్టర్ దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు.

“దసరాకు మాహూర్ల ప్రోగ్రాం ఉంది. ఆడ ఒక్కసారి పాడు. ఆడ గుడ ఇట్లనే ఐతే మల్ల నా స్టేజి మీద ఈ పాట తియ్యద్దు. బస్ ఝాలం, సాలు. సినిమ పాటలు పాడి నాలుగు ఊర్లల్ల మంచి పేరు తెచ్చుకున్నవ్, అది పోగొట్టుకోకు.”

“ఎవల పేరు గురూజీ?” అన్నాడు మావాడు.

మాస్టర్ హార్మోనియం పెట్టె మూత వేసి గొళ్ళెం పెట్టాడు.

నాందేడ్‌లో అతనికి వేరే స్టేజి లేదు. మాహూర్‌లో పాట నిలవకపోతే అతని సొంత గొంతుకు దారి మూసుకుపోయినట్టే. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత గేటు దగ్గర పని దొరకని రోజల్లా మా ఇంటికి వచ్చేవాడు. వాకిట్లో గోడకానుకుని అదే పాట పాడుకునేవాడు, మళ్ళీ మొదటినుంచి. బాధ ఉన్నట్టు కనపడేవాడు కాదు. గోడకు మేకు దిగేదాకా కొట్టేవాడిలా పాడేవాడు. మా ఆవిడకు విసుగొచ్చేది.

“తమ్మీ, ఆ భోంగ జర బంద్ జెయ్యరా. మిల్లుల సాలదా, నా ఇంట్ల గుడనా?”

“అక్కా, నీకు తెలువది. బావకే తెలుస్తలేదు.”

“మీ బావ లెక్కవెట్టిండంటె పాట గుడ కందిపప్పు లెక్కనే ఐతది. తూకం సరిగ్గుంటది, రుచి మాత్రం మనం జూసుకోవాలె.”

దసరాకు ముందు పండగ వంటలకని ఇంట్లో కారం దంచుతారు. ఆ మధ్యాహ్నం దుకాణానికి సెలవు. నేను వాకిట్లోనే ఉన్నాను. మా ఆవిడ ఒక్కతే రోట్లో మిరపకాయలు వేసి దంచుతున్నది. ధుమ్, ధుమ్ అని ఒకే తీరుగా. మావాడు ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఆ దెబ్బకు సరిగ్గా తన పాట ఎత్తుకున్నాడు. అదే కవాతు. గణేశ్ మండపంలో విన్నదే.

అంతలో పక్కింటావిడ రోకలి భుజాన వేసుకుని వచ్చింది. మా ఆడవాళ్ళలో ఒకరి కారం ఒకరు దంచిపెట్టడం రివాజు. వచ్చి ఎదురుగా నిలబడి, రెండు దెబ్బలు ఊరికే చూసి, మూడో దెబ్బ తర్వాత తన రోకలి దింపింది. మా ఆవిడ రోకలి పైకి లేస్తుంటే ఆవిడది పడుతున్నది. ధుమ్-ధప్, ధుమ్-ధప్.

మావాడు పాట ఆపలేదు. లేచి నిలబడ్డాడు. తువ్వాలు కిందికి లాగాడు. పాట నడిచింది. క్యాసెట్‌లో నడిచినట్టే, భుజాలు వదులుగా వేసుకుని నడిచింది.  మిరప ఘాటుకు నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

“ఆపకుర్రి! ఆపకుర్రి!” అని అరిచాడు.

“ఎవలాపుతున్నరురా? కారం నువ్వు దంచుతవా?” అంది పక్కింటావిడ.

నేను మా ఆవిడను అడిగాను. “నువ్వెయ్యంగనే ఆమె ఎట్ల ఏస్తది? తగలదా?”

“ఎట్ల తగుల్తది? అత్తగారింటికి అచ్చిన మొదటి దినమే నేర్పుతరు. మొదటి రోకలి పడనియ్యాలె. నీది ఎత్తే ఉంచాలె. అది లేసినంక నీది ఎయ్యాలె. తొందరపడ్డోళ్ళది ఇరుగుతది.”

నేను కూర్చున్నచోటే వేళ్ళు మడిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మా ఆవిడ రోకలి. పక్కింటావిడది ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర, నాలుగున్నర. క్యాసెట్‌లో చుక్ అనే గిటారు ఒకటి మీద లేదు. అరల మీద ఉంది. గట్టిగా వినపడింది కదా అని నేను అరను పట్టుకుని ఒకటి అనుకున్నాను. అక్కడినుంచి పాట మొత్తం అర జరిగిపోయింది. ఒక అర అర, రెండు అరలు ఒకటి... ఇంతకాలం నోటికి చదివిన ఎక్కం చేతికి రాలేదు.

ఆ సాయంత్రమే మాస్టర్ ఇంటికి వెళ్ళాం. ఇక బామ్మర్ది చెయ్యి ఎత్తే పని లేకుండా పోయింది. నేను నోటితో పూర్తి అంకెలు లెక్కపెట్టాను, మధ్యలో “అర” పడే చోట మాస్టర్ మీటాడు. కొన్నిసార్లు తప్పాడు. తర్వాత పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఆయనే వదల్లేదు. కాని జనం సంగతి అలాగే ఉంది. మాహూర్‌లో వాళ్ళు మళ్ళీ ఒకటి మీద తప్పట్లు కొడితే ఎలా? మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. ఎలాగూ వాడకట్టు ఆడవాళ్ళు రేణుకామాత దర్శనానికి మాహూర్ వస్తున్నారు. అందరూ ముందు వరుసలో కూర్చుని రెండో రోకలి చోట తప్పట్లు కొడతారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు కొడతారు.

మాహూర్ వెళ్ళినరోజు ఆ ఉపాయం గుట్టమీదే ఆగిపోయింది. దర్శనానికి జనం మెట్లమీద కదలకుండా నిలబడి ఉన్నారు, వాళ్ళ మధ్యే మా ఆడవాళ్ళు ఇరుక్కుపోయారు. ఎండ తగ్గి, మా ప్రోగ్రాం మొదలైంది. సినిమా పాటలు అయిపోతున్నాయి. ముందు వరుసలో మా వాడకట్టు ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఆదిలాబాద్ వైపు నుంచి, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన యాత్రికులు కూర్చుని ఉన్నారు. చాలామంది ఆడవాళ్ళే. నుదుట పసుపు, ఒళ్ళో కొబ్బరిచిప్పలు. మాస్టర్ నావైపు చూశాడు, నేను మెట్లవైపు చూశాను.

“తరువాత పాడదమా?” అన్నాను బామ్మర్దితో.

“తరువాత అనేది లేదు బావా. లెక్క వెట్టు.”

మైకు దగ్గరికి వెళ్ళాడు. పాడలేదు. అడిగాడు.

“అక్కలారా, అవ్వలారా, కారం దంచిన్రా మీ ఇండ్లల్ల?”

“దంచకపోతె మీ అవ్వ అచ్చి దంచిందా?” అంది ముందున్న ఒక ముసలావిడ. నవ్వులు.

“జోడు రోకండ్లతోనా?”

“మరి? ఒక్కదానితోని దంచనీకి అదేమన్న సోలెడు కారమా?”

“ఐతే వినుర్రి. ఇగో, ఈ ఢోలక్ కాడ కూసున్నది మా బావ. ఈయన మొదటి రోకలి. మీరు రెండో రోకలి. మొదటిది పడనియ్యాలె, మీది ఎత్తే ఉంచాలె.”

నేను ఢోలక్ మీద ఒక్కొక్క దెబ్బ వేయడం మొదలుపెట్టాను. ముసలావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“మొదటి రోకలి గింత మెత్తగనా? ఇంట్ల బువ్వ వెడ్తలేదా మీ బావకు?”

గట్టిగా వేశాను. ఆవిడ రెండు దెబ్బలు ఊరికే చూసింది, మా పక్కింటావిడ చూసినట్టే. మూడో దెబ్బ లేచాక తప్పట్లు కొట్టింది. పక్కనున్న నలుగురు కలిశారు. తర్వాత వరుస, ఆ తర్వాతి వరుస. వెనక నిలబడ్డ మొగవాళ్ళు ఉత్సాహం ఆగక ఒకటి మీద కొట్టడం మొదలుపెట్టారు. పాట మళ్ళీ ఒరుగుతుందనిపించింది. ముసలావిడ వెనక్కి తిరిగింది.

“రోకలి పట్టనోళ్ళు చేతులు కట్టుకోని కూసోర్రి! దంచెటోళ్ళను దంచనియ్యిర్రి!”

మొగవాళ్ళ చేతులు ఆగాయి. మైదానంలో ఆడవాళ్ళ తప్పట్లు మాత్రమే మిగిలాయి. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర. మాస్టర్ చెయ్యి ఆ తప్పట్ల వెంటే హార్మోనియం మీద పడింది. ఈసారి జనం వెంట పోయినా చేరేది సరైన చోటికే. మావాడు కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు.

ఎవడు రాలేదో ఇయ్యాల
వాని జాగల నేనున్న

మూడో చరణంలో ఉండగా మా ఆవిడా, వాడకట్టు ఆడవాళ్ళూ కుంకుమ మొహాలతో, చెమటలతో గుట్ట దిగి పరుగున వచ్చారు. నిలబడి విన్నారు. మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆమె ఏదో అంటున్నట్టు పెదవులు కదిలాయి. నాకు వినపడలేదు. తర్వాత చెప్పింది: “నేను లేకుండనే దంచేస్తున్నరా అని అన్న.” అంతటితో ఊరుకోలేదు, వచ్చి వరుస చివర కూర్చుని కొట్టింది కూడా.

పాట ఆగాక “మల్లోసారి” అని కేకలు వచ్చాయి. మళ్ళీ పాడాడు. అప్పటికి వెనక మొగవాళ్ళకు కూడా కొంచెం పట్టుబడింది. అందరికీ కాదు. ఒకాయన చివరిదాకా ఒకటి మీదే కొట్టాడు. ఆయన మానేట్టు లేడని వదిలేశాం.

మర్నాడు పొద్దున లారీలో తిరిగి వస్తుంటే మాస్టర్ ముందు సీట్లో కూర్చుని తొడమీద చేత్తో అరలు కొట్టుకుంటూ వచ్చాడు. కిన్వట్ దాటాక వెనక్కి తిరిగి, “రెండో పాట ఉందారా పోరా?” అని అడిగాడు. ఉంది. గేటు దగ్గర నిలబడ్డ పొద్దులన్నిట్లో రాసుకున్నవి అతనికి చాలానే ఉన్నాయి.

ఆ తర్వాత ఎనభైల్లో చాలాకాలం మావాడు ఆ పాటలు పాడాడు. దీన్ని గొప్ప పేరు అనలేను. బొంబాయి నుంచి ఎవరూ పిలవలేదు. రేడియోలో రాలేదు. మిల్లులో బదిలీ పని కూడా పోలేదు, పర్మనెంటూ కాలేదు. జాతరలకు, పెళ్ళిళ్ళకు, మిల్లు గేటు సభలకు పాడాడు. ప్రతి ఊరిలో తప్పట్ల సంగతి మొదటినుంచి నేర్పాల్సి వచ్చేది. సర్ఖనిలో పాడినప్పుడు రోకలి మాట చెప్పకముందే కొందరు పట్టేసుకున్నారు. మా నాందేడ్ వాళ్ళే అందరికంటే ఆలస్యం. పాత ఊరి మండపంలో మళ్ళీ పాడి నిలబెట్టడానికి రెండు గణేశ్ పండగలు పట్టింది. మావాడు ఒక్క ఊరిని కూడా వదిలేద్దాం అనలేదు. కాలేదా, మళ్ళీ వద్దాం అనేవాడు. వచ్చేవాళ్ళం.

వీటన్నిటిలో ఒక సాయంత్రం ధర్మాబాద్ బజారులో పాడింది నాకు బాగా గుర్తు. మాహూర్ తర్వాత అదే మొదటి ప్రోగ్రాం. ధాన్యం కుప్పలు తీసి, చోటు ఊడ్చి స్టేజి వేశారు. ముందంతా హమాలీలు. వాళ్ళకు రోకలి పనికిరాదని నేనే చెప్పాను. బస్తా ఎత్తేవాడు హుం అంటాడు, వీపు మీద అందుకునేవాడు ఆ వెంటనే హుం అంటాడు. ఆ రెండో హుం మీరు అని చెప్పమన్నాను. కాంటా దగ్గర నిలబడి రోజంతా వినే చప్పుడే అది.

మాస్టర్ మైకు పట్టుకున్నాడు. అలవాటు ప్రకారం “ఇప్పుడు మీ ముందుకు వస్తున్నది...” అన్నాడు. ఆగాడు. బొంబాయి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. మావాడు పక్కనే నిలబడి తల వంచుకుని తువ్వాలు సర్దుకుంటున్నాడు. చొక్కా మీద ఇంకా దూది నూగు ఉంది.

“ఈ ఆవాజ్ ఎవ్వలిది కాదు” అన్నాడు మాస్టర్. “ఈ పోరగానిదే.” అని, మావాడి పేరు, వాళ్ళ అమ్మానాన్న పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాడు.

జనానికి ఆ పేరు తెలియదు. ఎవరూ తప్పట్లు కొట్టలేదు. మావాడు తల ఎత్తి నావైపు చూసి, “లెక్క వెట్టు బావా” అన్నాడు.

నేను ఢోలక్ మీద ఒకటి వేశాను. అర దగ్గర హమాలీలు హుం అన్నారు.